పురుగుల కోసం సముద్రం దాటిన చిత్రకారిణి: మరియా సిబిల్లా మేరియన్ ఏం చూశారు? ఆమెకు ఎవరు చూపించారు?

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్ల ముందు, బడి ఆవరణల్లో, రోడ్ల డివైడర్ల మీద ఎర్రగా, పసుపుగా పూసే రత్నగంధి మొక్కను చూడనివాళ్లు తక్కువ. కొన్నిచోట్ల దీన్నే పైడితంగేడు అంటారు. ఇంతగా మనదైపోయిన ఈ మొక్క పుట్టింది మాత్రం ఇక్కడ కాదు, అమెరికా ఖండపు ఉష్ణమండలంలో.

1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఒక భారీ చిత్రాల పుస్తకంలో 45వ బొమ్మ ఈ మొక్కదే. పూల కొమ్మ మీద ఆకుపచ్చ గొంగళిపురుగు, దాని ప్యూపా, రెక్కలు విప్పిన పెద్ద రెక్కల పురుగు కనిపిస్తాయి. చూడటానికి గోడకు తగిలించుకునే పూలబొమ్మలా ఉంటుంది. దానికి చిత్రకారిణి రాసిన వివరణ చదివితే మాత్రం ఆ అందం కాస్త బరువెక్కుతుంది. డచ్ యజమానుల చేతిలో హింస అనుభవిస్తున్న బానిస స్త్రీలు ఈ మొక్క గింజలతో గర్భం పోగొట్టుకుంటారని, తమ పిల్లలు కూడా తమలాగే బానిసలు కాకూడదన్నదే దానికి కారణమని ఆమె నమోదు చేశారు. ఈ సంగతి ఆ స్త్రీలే తనకు స్వయంగా చెప్పారని కూడా రాశారు.

పురుగుల పుస్తకంలో ఈ మాట ఎందుకుంది? దీన్ని రాసిన మరియా సిబిల్లా మేరియన్ ఎవరు? యాభై దాటిన వయసులో కూతుర్ని వెంటబెట్టుకుని, అట్లాంటిక్ మహాసముద్రం దాటి దక్షిణ అమెరికా అడవులకు ఆమె ఎందుకు వెళ్లారు?

పట్టుపురుగులతో మొదలు

మరియా 1647 ఏప్రిల్ 2న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. తండ్రి మథాయిస్ మేరియన్ యూరప్‌లో పేరున్న చెక్కడపు చిత్రకారుడు, ప్రచురణకర్త. ఆమెకు మూడేళ్లప్పుడు ఆయన చనిపోయారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్న యాకబ్ మారెల్ పూల చిత్రాలు వేసే కళాకారుడు. బొమ్మలు గీయడం, రంగులు కలపడం, రాగిరేకు మీద చెక్కడం ఆమె సవతి తండ్రి కార్ఖానాలోనే నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో పూలచిత్రాల్లో సీతాకోకచిలుకలు, తూనీగలు అలంకారం కోసం ఉండేవి. మగ శిష్యులు ఊళ్లు తిరిగి, పెద్ద చిత్రకారుల దగ్గర పని నేర్చుకుని వచ్చేవారు. ఆడపిల్లకు ఆ దారి లేదు. అనేక జర్మన్ పట్టణాల్లో వృత్తి సంఘాల కట్టుబాట్ల వల్ల స్త్రీలు తైలవర్ణ చిత్రాలు వేసి అమ్ముకోవడం కూడా కుదిరేది కాదు. నీటిరంగులు, చర్మపత్రం, చిన్న చిన్న వస్తువులు మాత్రం వాళ్లకు వదిలేసిన రంగం. మరియా ఆ చిన్న వస్తువుల్లోనే ఒక ప్రపంచాన్ని వెతికారు.

1660లో, పదమూడేళ్ల వయసులో, ఆమె పట్టుపురుగులను గమనించడం మొదలుపెట్టారు. గుడ్డులోంచి పురుగు రావడం, మల్బరీ ఆకు తినడం, పొరలు విడవడం, గూడు కట్టడం, గూట్లోంచి రెక్కల పురుగు బయటకు రావడం. హిందూపురం, పలమనేరు ప్రాంతాల్లో పట్టుపురుగులు పెంచే రైతులకు ఇందులో వింతేమీ ఉండదు. ‘జ్వరాలు’ దాటించి, చంద్రికల మీదకు ఎక్కించి, గూళ్లు విప్పుకునే ఇళ్లలో ఇది నెలవారీ పని. అయితే 17వ శతాబ్దపు యూరప్‌లో చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి మిగతా పురుగుల విషయంలో ఇలాంటి వరస ఒకటి ఉంటుందన్న స్పష్టత లేదు.

బురదలోంచి, కుళ్లిన మాంసంలోంచి, మంచు బిందువుల్లోంచి పురుగులు వాటంతట అవే పుడతాయన్నది అరిస్టాటిల్ కాలం నుంచి వస్తున్న నమ్మకం. భారతీయ సంప్రదాయంలోనూ ప్రాణులను అండజాలు, జరాయుజాలు, ఉద్భిజ్జాలు, స్వేదజాలు అని విభజించి, పురుగూ పుట్రను చెమట, తేమల నుంచి పుట్టే ‘స్వేదజాల’ కింద వేశారు. కాబట్టి ఈ విషయంలో ఎవరూ ఎవర్నీ వెక్కిరించాల్సిన పని లేదు.

ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ మాంసం ముక్కలతో ప్రయోగాలు చేసి, ఈగలు గుడ్లు పెడితేనే పురుగులు వస్తాయని చూపించింది 1668లో. డచ్ శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్ కీటకాల మీద తన పుస్తకాన్ని తెచ్చింది 1669లో. మరియా అప్పటికే ఎన్నో ఏళ్లుగా పెట్టెల్లో గొంగళిపురుగులు పెంచుతున్నారు.

గొంగళిపురుగు ఏ ఆకు తింటుంది?

1665లో ఆమె మారెల్ శిష్యుడైన చిత్రకారుడు యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్‌ను పెళ్లి చేసుకున్నారు. కాపురం న్యూరెంబర్గ్‌కు మారింది. 1668లో యోహానా హెలెనా, 1678లో డొరోథియా మరియా పుట్టారు. సంపన్నుల ఇళ్ల ఆడపిల్లలకు బొమ్మలు వేయడం, కుట్టుపని డిజైన్లు నేర్పుతూ, రంగులు అమ్ముతూ మరియా ఇల్లు నడపడంలో తన వంతు భారం మోశారు. 1675 నుంచి 1680 వరకు మూడు భాగాలుగా వచ్చిన ఆమె పూల పుస్తకం కూడా ప్రధానంగా ఎంబ్రాయిడరీ నమూనాలుగా వాడుకోవడానికే. శిష్యురాళ్ల తోటలు ఆమెకు ఇంకో రకంగా పనికొచ్చాయి. గొంగళిపురుగులు దొరికేది అక్కడే కదా.

1679లో ఆమె అసలు పుస్తకం వచ్చింది. జర్మన్ భాషలో, 50 బొమ్మలతో, గొంగళిపురుగుల రూపాంతరం గురించి. 1683లో మరో 50 బొమ్మలతో రెండో భాగం. పండితుల లాటిన్‌లో కాకుండా ఇంట్లో మాట్లాడే భాషలో రాశారు. మొదటి బొమ్మ మల్బరీ కొమ్మ మీద పట్టుపురుగులది.

ఈ పుస్తకంలో కొత్తదనం ఏమిటన్నది కాస్త వివరంగా చూడాలి. ఆమెకు ముందు యోహానెస్ గోడార్ట్ అనే డచ్ చిత్రకారుడు కూడా గొంగళిపురుగులు, వాటి నుంచి వచ్చే సీతాకోకచిలుకల బొమ్మలు అచ్చువేశారు. కానీ ఆ బొమ్మల్లో పురుగులు తెల్లకాగితం మీద ఒంటరిగా ఉంటాయి. గుడ్లు కనిపించవు. మరియా ఒక మొక్కను తీసుకుని, దాని ఆకుల మీద గుడ్లు, గొంగళిపురుగు, విడిచిన పొర, ప్యూపా, రెక్కల పురుగు అన్నీ ఒకే పేజీలో పేర్చారు. ఆకు అంచులు కొరికి ఉంటాయి. ఏ పురుగు ఏ మొక్క తింటుంది, ఎన్ని రోజులకు గూడు కడుతుంది, గూట్లోంచి ఎప్పుడు బయటకు వస్తుంది అన్నది పక్కన రాశారు. మొక్క మారిస్తే కొన్ని పురుగులు తినకుండా చచ్చిపోతాయని కూడా గమనించారు.

ఇప్పుడు ఏ వ్యవసాయ శాఖ కరపత్రం తీసినా పురుగు జీవితచక్రం ఇలాగే ఉంటుంది. జీవావరణ శాస్త్రం అనే మాట పుట్టడానికి దాదాపు రెండు వందల ఏళ్ల ముందు ఒక గృహిణి ఇలా గీశారు. ఆమెను ఆ శాస్త్రానికి తొలి చిత్రకారిణి అనడం అతిశయోక్తి కాదు.

ఆమెను తికమకపెట్టిన సంగతి ఒకటుంది. ఎంతో జాగ్రత్తగా పెంచిన గొంగళిపురుగు నుంచి కొన్నిసార్లు సీతాకోకచిలుక రాదు. బదులుగా చిన్న చిన్న ఈగలు, కందిరీగల లాంటివి బయటపడతాయి. మరొకరైతే ప్రయోగం చెడిపోయిందని పారేసేవారేమో. ఆమె వాటినీ గీశారు, తేదీలతో రాసిపెట్టారు. అవి గొంగళిపురుగు శరీరంలో గుడ్లు పెట్టి, లోపలే పెరిగే బదనికలని తర్వాత శాస్త్రం తేల్చింది. బదనిక జాతులను ఇప్పుడు పంట రక్షణకు వాడుతున్నారు. చెరకు తోటల్లో రైతులు కట్టే ట్రైకోగ్రామా కార్డుల మీద ఉండేవి ఈ తరహా జీవులే. కాకపోతే అవి గొంగళిపురుగుల మీద కాదు, పురుగుల గుడ్ల మీద బతుకుతాయి.

భర్తను వదిలి, మఠంలో చేరి

సవతి తండ్రి మారెల్ 1681లో చనిపోయారు. ఆస్తి వ్యవహారాల కోసం ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చిన మరియా ఇక పాత కాపురానికి తిరిగి వెళ్లలేదు. 1680ల మధ్యలో తల్లిని, ఇద్దరు కూతుళ్లను తీసుకుని నెదర్లాండ్స్‌లోని వీవర్డ్ అనే ఊళ్లో లబాడిస్టులనే క్రైస్తవ సమూహంలో చేరారు. ఆస్తిని వదులుకుని, ఉమ్మడిగా, నిరాడంబరంగా బతకాలన్నది వాళ్ల నియమం. గ్రాఫ్ అక్కడికి వచ్చి బతిమాలినా ఆమె ఒప్పుకోలేదు. 1692లో విడాకులు అయ్యాయి. ఆమె తండ్రి ఇంటిపేరు తిరిగి పెట్టుకున్నారు.

ఈ ఘట్టం గురించి చరిత్రకారులు చాలా రాశారు. నాటలీ జీమన్ డేవిస్ 1995లో తెచ్చిన ‘విమెన్ ఆన్ ద మార్జిన్స్’ పుస్తకంలో ముగ్గురు స్త్రీల జీవితాల్లో ఒకటిగా మరియా కథ ఉంది. అయితే ఆమె భవిష్యత్తును మలుపు తిప్పింది లబాడిస్టుల మతం కాదు, వాళ్లు ఉంటున్న భవనం. అది సొమ్మెల్స్‌డైక్ కుటుంబానిది. ఆ కుటుంబానికి చెందిన కోర్నెలిస్ దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినాంకు గవర్నర్. అక్కడ లబాడిస్టులకు ఒక తోట కూడా ఉంది. అక్కడి వింత సీతాకోకచిలుకల కబుర్లు వీవర్డ్‌కు చేరుతుండేవి.

తల్లి చనిపోయాక 1691లో మరియా కూతుళ్లతో ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. అప్పటికి ఆ నగరం ప్రపంచ వాణిజ్యానికి రాజధాని. ఈస్ట్ ఇండియా, వెస్ట్ ఇండియా కంపెనీల ఓడలు మసాలాలు, పంచదారతో పాటు గవ్వలు, పక్షులు, పురుగులు కూడా తెచ్చేవి. మేయర్ నికొలాస్ విట్సన్, వైద్యుడు ఫ్రెడెరిక్ రూయిష్ లాంటివాళ్ల ఇళ్లలో వాటి సేకరణలు అద్దాల పెట్టెల్లో ఉండేవి. మరియా వాటిని చూశారు, మెచ్చుకున్నారు. కానీ అవన్నీ సూది గుచ్చి ఎండబెట్టినవి. ఆ పురుగు ఎక్కడ పుట్టింది, ఏం తిన్నది, ఎలా మారింది అన్నది ఏ పెట్టె చూసినా తెలియదు. అదే తనను సురినాం ప్రయాణానికి పురికొల్పిందని ఆమె తర్వాత తన పుస్తకం ముందుమాటలో చెప్పుకున్నారు.

52 ఏళ్ల వయసులో ప్రయాణం

ఆ కాలంలో శాస్త్ర పరిశోధన కోసం సముద్రయానం చేసేవాళ్ల వెనక సాధారణంగా రాజో, కంపెనీయో, చర్చో ఉండేది. మరియా ప్రధానంగా తన సొంత సొమ్ముతో వెళ్లారు. 255 చిత్రాలు అమ్మకానికి పెట్టి డబ్బు కూడగట్టారు. వీలునామా రాశారు. 1699 జూన్‌లో చిన్న కూతురు డొరోథియాతో ఓడ ఎక్కారు. అప్పుడు ఆమెకు 52 ఏళ్లు, కూతురికి 21.

సురినాం అంటే పంచదార. 1667లో బ్రెడా ఒప్పందంతో ఇంగ్లిష్‌వాళ్లు సురినాంను డచ్‌వాళ్లకు వదిలి, బదులుగా న్యూయార్క్‌ను దక్కించుకున్నారు. ఆ బేరంలో తామే లాభపడ్డామని డచ్‌వాళ్లు అనుకునే రోజులవి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వేలమంది చెరకు తోటల్లో పనిచేసేవారు. స్థానిక ఆదివాసీలనూ బానిసలుగా పట్టుకునేవారు. చాలా తర్వాత, 1863లో బానిసత్వం రద్దయ్యాక, ఆ తోటల్లోకే భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తరలించారు. 1873లో వాళ్లతో తొలి ఓడ ‘లల్లా రూఖ్’ అక్కడికి చేరింది.

రాజధాని పరమారిబోలో ఇల్లు తీసుకుని, పెరట్లో తోట పెంచి, మరియా తల్లీకూతుళ్లు పురుగులు సేకరించారు. నది వెంట పైకి వెళ్లి లబాడిస్టుల ప్రావిడెన్స్ తోటలో కొన్నాళ్లు ఉన్నారు. వేడి భరించలేనంతగా ఉండేది. అడవిలో ముళ్ల పొదలు దారి ఇచ్చేవి కావు. గొడ్డళ్లతో దారి చేయించుకుని వెళ్లాల్సి వచ్చేది. పంచదార తప్ప మరోదాని గురించి అడిగితే అక్కడి తోటల యజమానులు తనను ఎగతాళి చేశారని ఆమె రాశారు. అంత మంచి నేలలో చెరకు తప్ప మరే పంటా వేయాలన్న ఆలోచన వాళ్లకు లేకపోవడం ఆమెకు మింగుడుపడలేదు.

ఐదేళ్లు ఉండాలని వెళ్లినవారు రెండేళ్లు నిండకుండానే తిరిగి రావాల్సి వచ్చింది. జబ్బు చేసింది. అది మలేరియా అయి ఉంటుందని చరిత్రకారుల అంచనా. 1701 జూన్‌లో బయల్దేరి సెప్టెంబరుకు ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. సామానులో చర్మపత్రం మీద వేసిన చిత్రాలు, ఎండిన సీతాకోకచిలుకలు, సారాయిలో నిల్వచేసిన పాములు, బల్లులు ఉన్నాయి. వెంట ఒక ఆదివాసీ స్త్రీ కూడా వచ్చారు.

అరవై బొమ్మలు

‘మెటమార్ఫోసిస్ ఇన్‌సెక్టోరమ్ సురినామెన్సియమ్’ 1705లో వచ్చింది. డచ్, లాటిన్ ప్రతులు వేరువేరుగా. 60 బొమ్మలు. పురుగులు దాదాపు అసలు సైజులో కనిపించాలని పెద్ద కాగితం వాడారు. చందాదారులను పోగుచేసుకుని, చెక్కడం పనివాళ్లను పెట్టుకుని, ప్రచురణ ఖర్చు ఆమే మోశారు.

అచ్చులో ఆమె వాడిన ఉపాయం ఒకటి చెప్పుకోదగ్గది. రాగిరేకు మీదినుంచి తీసిన అచ్చు ఇంకా తడిగా ఉండగానే దాని మీద మరో కాగితం వేసి నొక్కితే, గీతలు లేతగా, బొమ్మ తిరగేసి పడుతుంది. రేకు అంచుల నొక్కుడు గుర్తు కూడా కనిపించదు. దాని మీద రంగులు వేస్తే అచ్చుబొమ్మలా కాక చేతితో గీసిన చిత్రంలా ఉంటుంది. కొనుక్కోగలిగినవాళ్ల కోసం ఆమె ఇలాంటి ప్రతులు తయారుచేశారు.

పుస్తకం మొదటి బొమ్మ అనాసది. పండు చుట్టూ బొద్దింకలు. రాజుల విందుల్లో పెట్టే పండు పక్కన బొద్దింకను కూర్చోబెట్టడంలోనే ఆమె స్వభావం తెలుస్తుంది. తర్వాతి పేజీల్లో జామ, బొప్పాయి, జీడిమామిడి, కర్రపెండలం వస్తాయి. తెలుగు పాఠకుడికి ఇది తన ఊరి తోటలా అనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఇవన్నీ అమెరికా ఖండం నుంచి బయల్దేరి, యూరప్ ఓడల్లో మన దగ్గరకు వచ్చి స్థిరపడినవే. కర్రపెండలం దగ్గర ఆమె వంట కూడా చెబుతారు. దుంపను తురిమి, విషం ఉన్న రసాన్ని పిండేసి, మిగిలిన పిండితో రొట్టె కాలుస్తారని.

నీలంగా మెరిసే మార్ఫో సీతాకోకచిలుక రెక్కను భూతద్దం కింద పెట్టి చూసి, పొలుసులు ఇంటి కప్పు మీద పెంకుల్లా వరసగా ఉన్నాయని రాశారు. వీపు మీద పిల్లలను మోసే సురినాం కప్పను గీశారు. తమ శరీరాలనే ఒకదానికొకటి తగిలించుకుని వంతెన కట్టే చీమలను వర్ణించారు.

18వ బొమ్మ అన్నింటికన్నా ప్రసిద్ధం. జామ కొమ్మ మీద ఓ భారీ సాలీడు హమ్మింగ్‌బర్డ్‌ను వెల్లకిలా పడేసి తింటుంటుంది. పక్కన గూట్లో గుడ్లు. కింద చీమలు, వాటితో తలపడుతున్న మరో సాలీడు. ప్రకృతి అంటే దేవుడి తోట అన్నట్లు గీసే కాలంలో ఇది వేట దృశ్యం. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో ఆ సాలీడుకు ‘అవిక్యులేరియా’ అని పక్షి అర్థం వచ్చే పేరు పెట్టడానికి మూలం ఈ బొమ్మే. జాతులకు పేర్లు పెట్టే తన పనిలో లిన్నేయస్ ఆమె బొమ్మలను వందకు పైగా సందర్భాల్లో ఆధారంగా చూపారు.

‘అబద్ధాలు రాసింది’

మరో శతాబ్దం గడిచాక గాలి మారింది. లాన్స్‌డౌన్ గిల్డింగ్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు, ప్రకృతి పరిశీలకుడు ఆమె సురినాం పుస్తకాన్ని పేజీ పేజీకీ చీల్చిచెండాడుతూ రాసిన వ్యాసం 1834లో అచ్చయింది. ఆయన ఉన్నది కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ దీవిలో. సురినాం వెళ్లలేదు. అదే కాలంలో విలియం మెక్‌లే అనే కీటక శాస్త్రవేత్త పక్షిని తినే సాలీడు కట్టుకథ అని కొట్టిపారేశారు. ఆమె చనిపోయాక ఇతరులు వేసిన ప్రతుల్లో రంగులు నాసిరకంగా ఉండటం కూడా విమర్శకులకు కలిసొచ్చింది.

1863లో హెన్రీ వాల్టర్ బేట్స్ తన అమెజాన్ యాత్రల పుస్తకం తెచ్చారు. సాలీడు చేతికి చిక్కిన చిన్న పక్షులను కళ్లారా చూశానని అందులో రాశారు. దాంతో ఆ వాదన ముగిసింది. ఒక స్త్రీ గీసినదాన్ని ఒక పురుషుడు చూసేదాకా నమ్మలేదు అంటే కటువుగా ఉంటుంది గానీ, జరిగింది అదే.

అలాగని ఆమె పుస్తకంలో తప్పులు లేవని కాదు. హమ్మింగ్‌బర్డ్ మామూలుగా రెండే గుడ్లు పెడుతుంది, ఆమె గూట్లో నాలుగు వేశారు. లాంతరు పురుగు తల రాత్రిపూట దీపంలా వెలుగుతుందని, ఆ వెలుతురులో వార్తాపత్రిక చదవొచ్చని రాశారు. ఆ పురుగు వెలగదు. కొన్ని పేజీల్లో గొంగళిపురుగుకు, దాని పక్కన వేసిన సీతాకోకచిలుకకు సంబంధం లేదు. ఆకులు కత్తిరించే చీమలను, దండులా కదిలే చీమలను ఒకటిగా కలిపేశారు. రెండేళ్లలోపు, జ్వరంతో, తెలియని అడవిలో చేసిన పనికి ఈ తప్పులు ఎక్కువ కావు. తక్కువ చేసి చూపాల్సిన పనీ లేదు.

పేర్లు లేనివాళ్లు

ఇక్కడే 45వ బొమ్మ దగ్గరకు వెళ్లాలి. ఎందుకంటే ఈ పుస్తకం గురించి ఇప్పుడు జరుగుతున్న చర్చ ఎక్కువగా దాని చుట్టూనే ఉంది.

మరియా దగ్గర బానిసలు పనిచేశారు. ఆ మాట ఆమే రాశారు. అడవిలో దారి నరికింది వాళ్లు. మొక్కను వేరుతో తవ్వి తెచ్చి ఆమె పెరట్లో నాటింది, ఎత్తు కొమ్మల మీద గొంగళిపురుగులను వెతికి తెచ్చింది, ఏ మొక్క దేనికి మందో చెప్పింది ఆదివాసీలు, ఆఫ్రికన్ స్త్రీపురుషులు. మిగతా యూరోపియన్ రచయితల కన్నా ఆమె ఈ సహాయాన్ని ఎక్కువసార్లు ఒప్పుకున్నారు. బానిస స్త్రీలతో మాట్లాడారు, వాళ్ల బాధను వాళ్ల మాటగానే రాశారు. గినియా, అంగోలా నుంచి తెచ్చినవారు చనిపోతే తమ దేశంలో స్వేచ్ఛగా మళ్లీ పుడతామని నమ్మి ప్రాణం తీసుకునేవారని కూడా నమోదు చేశారు. కానీ వాళ్లలో ఒక్కరి పేరూ పుస్తకంలో లేదు.

అదే కాలంలో, అదే ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన మరో పుస్తకంతో పోల్చి చూడటం భారతీయ పాఠకులకు ఉపయోగం. కొచ్చిలో డచ్ పాలనాధికారిగా చేసిన హెండ్రిక్ వాన్ రీడ్ కేరళ మొక్కల మీద 12 సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ తెచ్చారు. 1678 నుంచి 1693 వరకు ఆ సంపుటాలు వచ్చాయి. మొదటి సంపుటంలోనే ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి వాంగ్మూలం మలయాళంలో అచ్చయింది. రంగ భట్, వినాయక పండిట్, అప్పు భట్ అనే ముగ్గురు కొంకణి బ్రాహ్మణుల పేర్లూ ఉన్నాయి. వాన్ రీడ్ దయగల పాలకుడని దీనర్థం కాదు. పేరు రాయడం ఆ కాలంలో సాధ్యమేనని మాత్రం తెలుస్తుంది. వైద్యుడిగా, పండితుడిగా సమాజం గుర్తించినవాడి పేరు పుస్తకంలోకి వచ్చింది. బానిస స్త్రీకి యజమాని లెక్కల పుస్తకంలో తప్ప చోటు లేదు.

రెండు పుస్తకాలకూ మధ్య నేరుగా ఒక లంకె ఉంది. మరియా పుస్తకంలో మొక్కల లాటిన్ పేర్లు సమకూర్చిన వృక్షశాస్త్రవేత్త కాస్పర్ కొమెలిన్ అంతకుముందే, 1696లో, హోర్టస్ మలబారికస్‌కు సూచిక తయారుచేశారు. అంతేకాదు, 1686 నాటి ఆరో సంపుటంలో ‘చెట్టి మందారం’ పేరుతో ఉన్నది రత్నగంధే. అంటే మరియా సురినాం వెళ్లేనాటికే ఆ మొక్క కేరళ చేరి, మలయాళంలో పేరు కూడా సంపాదించుకుంది.

మొక్క ప్రయాణించింది, దాని గురించిన జ్ఞానం ప్రయాణించలేదు. ఈ వాదనను వివరంగా చేసింది అమెరికన్ చరిత్రకారిణి లోండా షీబింగర్. 2004లో వచ్చిన ‘ప్లాంట్స్ అండ్ ఎంపైర్’ పుస్తకంలో ఆమె రత్నగంధినే ప్రధాన ఉదాహరణగా తీసుకున్నారు. యూరప్ తోటల్లోకి ఆ మొక్క అలంకారంగా వచ్చింది. గర్భస్రావానికి దాన్ని వాడతారన్న సమాచారం అచ్చులో ఉన్నా, యూరప్ వైద్యులు దాన్ని అందిపుచ్చుకోలేదు, పరీక్షించలేదు. జనాభా పెరగాలని కోరుకునే రాజ్యాలకు, బానిసల సంఖ్య పెరగాలని కోరుకునే యజమానులకు ఆ జ్ఞానం అక్కర్లేదు. అజ్ఞానం కూడా ఒక్కోసారి ఎంచుకున్నదే అంటారు షీబింగర్.

మరియా ఆ వాక్యాలు రాయకపోయి ఉంటే ఆ స్త్రీల సాక్ష్యం మనదాకా వచ్చేది కాదు. అలా రాసిన ఆమే బానిసల శ్రమ మీద ఆధారపడ్డారు. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని దాచినా ఆమె కథ సగమే అవుతుంది.

చివరి రోజులు, చిత్రాల ప్రయాణం

సురినాం పుస్తకంతో పేరొచ్చింది గానీ పెద్దగా డబ్బు రాలేదు. చివరి ఏళ్లలో పక్షవాతం వచ్చింది. 1717 జనవరి 13న ఆమె ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నెదర్లాండ్స్‌లో ఉన్న రష్యా చక్రవర్తి పీటర్ తన వైద్యుడు రాబర్ట్ అరెస్కిన్ ద్వారా ఆమె చిత్రాలు పెద్ద సంఖ్యలో కొనిపించారు. ఆమె జీవితాంతం రాసుకున్న పరిశీలనల పుస్తకం కూడా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరింది. మరికొన్ని చిత్రాలు హాన్స్ స్లోన్ సేకరణ ద్వారా బ్రిటిష్ మ్యూజియానికి, ఇంకొన్ని మూడో జార్జ్ ద్వారా బ్రిటన్ రాజకుటుంబానికి వెళ్లాయి.

గొంగళిపురుగుల పుస్తకం మూడో భాగాన్ని తల్లి పోయిన ఏడాదే డొరోథియా ప్రచురించారు. తర్వాత భర్త, చిత్రకారుడు గెయార్గ్ గ్జెల్‌తో రష్యా వెళ్లి అక్కడి అకాడమీలో బొమ్మలు వేశారు, నేర్పారు. వాళ్ల కూతురు సలోమె తర్వాతి కాలంలో గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్‌కు రెండో భార్య అయ్యారు. పెద్ద కూతురు యోహానా కూడా చిత్రకారిణే, ఆమె సురినాంలో స్థిరపడ్డారు. తల్లి పేరు మీద అచ్చయిన బొమ్మల్లో ఈ ఇద్దరి చేయి ఎంత అన్నది కళాచరిత్రకారులు ఇప్పటికీ పేజీ పేజీగా తేలుస్తున్నారు.

యూరో రాకముందు జర్మనీ 500 మార్కుల నోటు మీద మరియా ముఖం ఉండేది. వెనకవైపు ఆమె శైలిలో ఒక మొక్క, గొంగళిపురుగు, రెక్కల పురుగు. 2016లో సురినాం పుస్తకాన్ని నెదర్లాండ్స్ జాతీయ గ్రంథాలయం అసలు సైజులో తిరిగి తీసుకొచ్చింది. 2018లో పనామాకు చెందిన ఒక అరుదైన నల్లటి సీతాకోకచిలుక జాతికి శాస్త్రవేత్తలు ‘కటాస్టిక్టా సిబిల్లే’ అని ఆమె పేరు పెట్టారు. దానికి ఆధారం, దశాబ్దాల కిందట పట్టి, మ్యూజియం పెట్టెలో సూది గుచ్చి ఎండబెట్టిన రెండు మగ నమూనాలు.